పిల్లులు వెంటబడిన కారు

ఆ కారు ఎక్కడ ఆగితే అక్కడికి పిల్లులు చేరేవి. ఇది కోతలు కోసే మాట కాదు. ఆఫీసు ముందు ఆగినా, డెలానీపూర్‌లో సాబు క్వార్టరు ముందు ఆగినా, మా వర్క్‌షాపులో ఆగినా, ముందొకటి వచ్చి చక్రం పక్కన కూర్చునేది. కాసేపటికి దాని చుట్టాలూ పక్కాలూ అంతా దిగేవారు. నేనప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు మోటారు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. వాటిని హుష్ హుష్ అని తోలడమే గానీ, ఇవి ఈ కారుకే ఎందుకొస్తున్నాయిరా బాబూ అని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆలోచించుంటే నాకు చాలా చెమటా, ఒక మనిషికి చాలా కన్నీళ్ళూ మిగిలేవి.

ఇప్పటి కుర్రాళ్ళు మీరు. హెడ్‌లైటు కాస్త మసగ్గా ఉందంటే ఫోను తీసి ఎవడో చెప్పే వీడియో చూస్తారు. బల్బు కావాలంటే బజారుకెళ్తారు. మా రోజుల్లో బల్బు కావాలంటే షిప్పు రావాలి. షిప్పు రావాలంటే సముద్రం ఒప్పుకోవాలి. సముద్రం ఒప్పుకున్నా అవతల మద్రాసులో గుమాస్తా ఒప్పుకోవాలి, వాడు సముద్రం కంటే మొండి. మెయిన్‌ల్యాండ్ నుంచి కుటుంబాల్ని తీసుకొచ్చి, అడవి కొట్టించి, భూములు పంచి ఊళ్ళు నిలబెడుతున్న కాలం అది. ఆ భూములు పంచే సాబుదే ఈ కారు. నల్లటి అంబాసిడర్. దీవిలో కార్లు తక్కువ, సాబులు ఎక్కువ, అందుకని ఆ కారుకి ఉన్న మర్యాద కొందరు సాబులకి కూడా లేదు.

ఆ కారు డ్రైవరు మా పేట జంగ్లీఘాట్ మనిషే. శ్రీకాకుళం వైపు నుంచి వలలు నెత్తిన పెట్టుకుని వచ్చిన బేస్త కుటుంబం, మాలాగే. నాకంటే పెద్దవాడు, చుట్టరికం ఏమీ లేకపోయినా మావా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అనేవాడు, కోపం వస్తే ఇంకేదో అనేవాడు. మా వాళ్ళలో సర్కారు టోపీ పెట్టిన మొదటి మనిషి. ఆ టోపీ తీసి నిద్రపోతాడో లేదో అత్తని అడగాలని మాకు భలే సరదా. తండ్రి పడవనెలా చూసుకున్నాడో ఈయన కారునలా చూసుకునేవాడు. కారులో ఎవరైనా ఉమ్మితే కొట్టేసేవాడు. సాబు ఉమ్మడు కాబట్టి బతికిపోయాడు.

సరే, అసలు సంగతి. ఆ కారు లైట్లు మసకబారాయి. ఒకటో రెండో కాదు, అన్నీ. ముందు హెడ్‌లైట్లు రెండూ ఎవరో ఇద్దరు ముసలాళ్ళు పక్కపక్కన కూర్చుని బీడీలు కాలుస్తున్నట్టుండేవి. లోపల కప్పుకి ఉన్న లైటు ఇంకా ఘోరం, అది వెలుగుతోందో లేదో తెలియాలంటే దగ్గరికెళ్ళి చూడాలి. మా సాబుకి కారులో ఫైళ్ళు చదివే జబ్బు. మా దీవుల్లో పొద్దు తొందరగా కుంకుతుంది, మెయిన్‌ల్యాండ్‌లో టీలు తాగే వేళకి మాకు చీకటి. ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఆయన ఫైలు నెత్తికి పైన ఎత్తి పట్టుకుని, లైటుకి ఆనించి, మెడ విరుచుకుని చదివేవాడు. బయట నుంచి చూస్తే ఎవరో ఆయన్ని తుపాకీ పెట్టి చేతులెత్తించినట్టుండేది.

అంతటితో ఆగినా బాగుండేది. ఓ సాయంత్రం చౌల్దారీలో పొలాల కొలతలు చూసి వస్తుంటే, రోడ్డు మధ్య నల్లటి దున్నపోతు. నల్లటి కారు, నల్లటి దున్న, రెండు బీడీలు. మావ ఆఖరి క్షణంలో బ్రేకు కొట్టాడు. దున్నకేమీ కాలేదు. సాబు ముక్కు ముందు సీటుకి కొట్టుకుంది. మర్నాడు ముక్కు మీద పట్టీతో ఆఫీసుకొచ్చి, మా ఫోర్మన్ని పిలిపించి చెడామడా తిట్టాడు.

మా ఫోర్మన్ తమిళాయన. నశ్యం మనిషి, డబ్బా చొక్కా జేబులో కాక అరచేతిలోనే ఉండేది. తిట్లన్నీ తిని వచ్చి, వాటిని కాస్త పెంచి నాకు వడ్డించాడు.

"తంబీ, సాబు ముక్కు నీ చేతిలో ఉంది," అన్నాడు.

మొదలెట్టాను. బల్బులు మార్చాను. వైర్లు వెతికాను. డైనమో దించి బ్రష్షులు చూశాను, బంగారంలా ఉన్నాయి. డైనమోని బ్యాటరీకి కలిపే కటౌట్ డబ్బా విప్పి శుభ్రం చేసి బిగించాను. ఒక్కో పని చేశాక లైటు వెయ్యడం, అవే బీడీలు. వర్క్‌షాపులో ప్రతివాడూ డాక్టరే అయిపోయాడు. వెల్డింగు భయ్యా స్విచ్చిది తప్పన్నాడు. స్టోరు దాదా అమావాస్య పోతే అదే బాగుపడుతుందన్నాడు. అందరూ కలిసి చివరికి ఒక మాట మీదికొచ్చేవారు: ఉప్పుగాలి. మా దీవుల్లో దేనికైనా ఉప్పుగాలే కారణం. తాళం పడకపోతే ఉప్పుగాలి. గడియారం ఆగితే ఉప్పుగాలి. పెళ్ళాం పుట్టింటికి పోయినా ఉప్పుగాలే.

ఆ మాట వింటే మావకి ఒళ్ళు మండిపోయేది.

"ఉప్పుగాలేటిరా! నా బండికి ఉప్పుగాలా? తుప్పు సుక్క సూపెట్టు, నా సెవి కోసి ఇచ్చెత్తాను," అని బానెట్ ఎత్తి సవాలు చేసేవాడు.

నిజమే. మిగతా సర్కారు బండ్లు గట్టిగా తుమ్మితే రేకులు రాలేలా ఉండేవి. ఈ కారు లోపల నట్టు నట్టూ తళతళ. పైగా ఎక్కడ చెయ్యి పెట్టినా జిడ్డే. నా టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి పట్టించబోతే సర్రున జారిపోయేది. విసుగొచ్చి దాన్ని తిన్నగా బ్యాటరీ మీది సీసం పిడికే తగిలించేవాణ్ణి. ల్యాంపు పెళ్ళిపందిట్లో దీపంలా వెలిగేది. బ్యాటరీ బాగానే ఉంది, అన్నీ బాగానే ఉన్నాయి, లైట్లు మాత్రం చావవు, బతకవు.

"ఏంటి మావా, బండికింత జిడ్డేంటి?" అని ఓసారి అడిగాను.

"మన మందే అల్లుడా. గాలి ఆనకండా రాత్తన్నాను," అన్నాడు.

ఏదో మెరుపు కోసం తుడుస్తున్నాడనుకున్నాను. వాసన రాలేదా అంటారేమో. వచ్చింది. కానీ అది నేను పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లో, మా వీధిలో, మా అమ్మ చీరలో ఉన్న వాసన. ఎవరింటి వాసన వాళ్ళకి తెలుస్తుందా? ఫోర్మన్‌కి ముక్కు నశ్యంతో ఎప్పుడో పోయింది. సాబుకి తెలిసేది గానీ, దీవి మొత్తం ఇంతే కాబోలనుకున్నాడు.

చిట్టచివరికి బుద్ధిగా ఇంకో ప్రశ్న కూడా వేశాను. బ్యాటరీ నుంచి కరెంటు సరిగ్గా రాకపోతే మొదట చెప్పేది సెల్ఫ్. తాళం తిప్పితే ఇంజను తిప్పేదది. అది మూలిగిందంటే దారిలో ఎక్కడో అడ్డుందని లెక్క.

"సెల్ఫ్ ఎలా ఉంది మావా?"

"సెల్ఫ్‌కేటి! కొత్త పెళ్ళికూతురు నాగుంది. ముట్టుకున్నానేటి ఎప్పుడైనా!"

వర్క్‌షాపంతా ఘొల్లుమంది. నేనూ నవ్వి, సెల్ఫ్ బాగుందని లెక్కేసుకున్నాను. వర్క్‌షాపు గుట్ట మీద ఉండేది. మావ వచ్చేటప్పుడు పై అంచున ఆపేవాడు, వెళ్ళేటప్పుడు బ్రేకు వదిలి, నాలుగు దొర్లు దొర్లించి, గేరేస్తే ఇంజను అందుకునేది. ఇందులో వింతేమీ లేదు. అప్పట్లో మా ఊళ్ళో ప్రతి డ్రైవరూ అంతే. ఊరంతా ఎత్తుపల్లాలు, బ్యాటరీలేమో షిప్పులో రావాలి. వాలు చూసి బండి ఆపడం తెలియనివాడు డ్రైవరే కాదు.

సాబు ఏం చేశాడంటే, షిప్పులో కొత్త బ్యాటరీ తెప్పించాడు. దాన్ని నేనే బిగించాను, పసుపు కుంకుమ పెట్టి మరీ. లైటు వేశాం. అవే బీడీలు.

ఇక సాబుకి అనుమానం పురుగు తొలిచింది. కొత్త బ్యాటరీ పెట్టినా వెలగలేదంటే లోపలున్నది కొత్తది కాదన్నమాట. మావ బావమరిదికి చిన్న పడవుంది, చేపల వేటకి దాని మీద దీపం వేలాడుతుంది. ఇంకేం కావాలి? "నయీ బ్యాటరీ నావ్‌లో పెట్టి, పాతది కారులో పెట్టాడు," అని ఆఫీసులో అనేశాడు. నేను వెళ్ళి, బిగించింది నేనే సార్, అదే బ్యాటరీ సార్, అని మొత్తుకున్నాను. నువ్వూ జంగ్లీఘాట్ వాడివే కదా అన్నాడు. దాంతో నా సాక్ష్యం సముద్రంలో కలిసింది.

"వచ్చే షిప్పుకి మా పెద్ద సాబు కలకత్తా నుంచి వస్తున్నారు. ఆ రోజు లైట్లు సరిగ్గా వెలగలేదంటే డ్రైవరు టోపీ ఊడుతుంది, పోలీసు కేసు పడుతుంది," అన్నాడు.

మావ ఆ సాయంత్రం వర్క్‌షాపు గట్టు మీద కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు. అరిచే మనిషి అరవకపోతే భయమేస్తుంది.

"ఉద్దోగం పోతే పోనాది అల్లుడా, వల ఉంది, సంద్రం ఉంది. దొంగంటే? మా పిల్లలు ఆ ఈదిలోనే తిరగాల," అన్నాడు.

లైట్లు బాగుచెయ్యలేని లైట్ల మిస్త్రీ ఓదార్చడానికి ఏముంటుంది? పక్కన పిల్లి వచ్చి ఆయన మోకాలు నాకింది. దాన్ని కూడా తోలలేదు.

షిప్పు రోజు అంటే మీకు తెలీదు. ఊరు ఊరంతా జెట్టీలోనే. ఉత్తరాల కోసం, ఉల్లిపాయల కోసం, కొత్తగా దిగే మొహాల కోసం. మా జంగ్లీఘాట్ వాళ్ళయితే చంకలో పిల్లల్ని వేసుకుని మరీ వస్తారు. ఫోర్మన్ నన్ను కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి, బల్బుల సంచీ ఒళ్ళో పెట్టాడు. "వెలక్కపోతే అక్కడే మార్చెయ్," అన్నాడు. మునిగే పడవలోకి చెంబిచ్చి పంపినట్టు.

షిప్పు ఆలస్యమైంది. అది కట్టేసరికి పొద్దు కుంకబోతోంది. మావ మామూలుగానే జెట్టీ పైన రోడ్డు వాలులో ఆపాడు. పెద్ద సాబు దిగాడు, చేతికర్ర, వాచిన కాలు, వెనక నలుగురు కూలీలు మోసే సామాను. మా సాబు పైకి చూసి చెయ్యి ఊపాడు.

"గాడీ నీచే లావో!"

"సాబ్, బండి ఇక్కడే ఉంటాది. సామాను నాను మోసుకొత్తాను," అన్నాడు మావ, తెలుగూ హిందీ కలిపి కొట్టి.

"నీచే లావో బోలా నా!"

మావ మొహంలో రక్తం లేదు. ఏంటి మావా, బండి దించడానికి ఇంత భయమా అనుకున్నాను. కారు దించి, షిప్పు నిచ్చెన పక్కనే ఆపి, అలవాటు కొద్దీ ఇంజను కట్టేశాడు. సాబులిద్దరూ వెనక ఎక్కారు. సామాను డిక్కీలోకెళ్ళింది. చలో అన్నారు.

జెట్టీ చదును నేల. అరచేయిలా ఉంటుంది. దొర్లడానికి వాలు లేదు. మావ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ కారులో చాలాకాలం తర్వాత మొదటిసారి, సెల్ఫ్ కొట్టాడు.

టక్. అంతే. మళ్ళీ కొట్టాడు. టక్. లోపల కప్పు లైటు ఉన్నదీ ఆరిపోయింది.

మా సాబు కారు దిగిపోయాడు. దిగి, జెట్టీ అంతా వినేలా అరిచాడు.

"చోర్ హై యే! నయీ బ్యాటరీ చోరీ కియా! దొంగ! దొంగ!"

కనీసం ఆ ఒక్క ముక్కయినా తెలుగులో అనకుండా ఉండాల్సింది. దీవిలో ఆయన నేర్చుకున్న తెలుగు మాటలు అయిదారు ఉంటాయేమో, అందులో అదొకటి. అత్త గుంపులో ఉంది. పిల్లలున్నారు.

నాకు మాత్రం ఆ టక్ అన్న చప్పుడు చెవిలోంచి పోలేదు. కొత్త బ్యాటరీ, నేను బిగించిన బ్యాటరీ, సెల్ఫ్‌ని తిప్పలేకపోయింది.

"మావా, సెల్ఫ్ బాగుందన్నావు కదా!"

"ముట్టుకోనేదని కూడా సెప్పినాను కదరా!"

ఓరి నీ! నిజమే చెప్పాడు, నవ్వింది నేను. బానెట్ ఎత్తి, సామాను కట్టిన ఇనప తీగ ఒకటి లాక్కుని నాలుగు మడతలు పెట్టి, ఒక కొస బ్యాటరీ ఎర్తు పిడికి, ఇంకో కొస ఇంజనుకి నొక్కాను. "కొట్టు మావా!" అన్నాను. ఇంజను గర్రున లేచింది. తీగ చురుక్కుమని నా వేళ్ళు కాల్చింది గానీ, అప్పుడు నాకు అది తేనెటీగ ముద్దులాగే ఉంది.

జబ్బు దొరికింది. బ్యాటరీ నుంచి కరెంటు బయల్దేరి లైట్లదాకా బాగానే వెళ్తోంది, ఇంటికి తిరిగి రావడానికి దారి లేదు. ఆ దారే ఎర్తు పట్టీ. బ్యాటరీ నుంచి బాడీకి ఒకటి, ఇంజను నుంచి బాడీకి ఒకటి, బోల్టులతో బిగించి ఉంటాయి. బోల్టు ఊడదీశాను. పట్టీ కింద, బోల్టు కింద, వాషరు కింద, అన్నిచోట్లా గాజులాగా పసుప్పచ్చటి పొర. గోరుతో గీకి వాసన చూశాను.

మా నాన్న పడవ వాసన.

సొరచేప నూనెలో గుగ్గిలం వేసి కాచి, పడవ చెక్కకి పట్టించే మందు. ఆరితే నీరు దూరదు, ఉప్పు దూరదు, చెద దూరదు. కరెంటు మాత్రం దూరుతుందా? మావ పడవకి చేసినట్టే, కారులో బోల్టు బోల్టూ విప్పి, కింద మందు రాసి, మళ్ళీ బిగించాడు. మహానుభావుడు. పిల్లులకి తెలిసింది, నాకు తెలియలేదు.

"కత్తియ్యి మావా," అన్నాను.

నడుముకున్న చేపల కత్తి ఇచ్చాడు. నేను పొర గీకుతుంటే, దొంగని పేరు పడ్డ ఆ స్థితిలో కూడా నా చెయ్యి పట్టుకుని, "అంతా గీకీకురా, గాలి ఆనీగలదు!" అంటాడు. నన్ను నవ్వమంటారా ఏడవమంటారా? ఇనుము తళుక్కుమనే దాకా గీకి పట్టీలు రెండూ బిగించాను. ఇంజను ఆపించి, సెల్ఫ్ కొట్టించాను. కూతవేసినట్టు లేచింది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా షిప్పు పక్క మీద రంగు పెచ్చులు సైతం లెక్కపెట్టొచ్చు. కప్పు లైటు వేస్తే లోపలున్న పెద్ద సాబు కళ్ళు చికిలించాడు.

"క్యా ప్రాబ్లం థా?" అన్నాడు మా సాబు.

మావని కాపాడాలన్న తొందరలో నా నోటికి దీవి మందే వచ్చింది. "ఉప్పుగాలి సార్!" అన్నాను.

"ఎవడ్రా ఉప్పుగాలన్నాడు!" మావ లేచాడు. "నానున్నాక నా బండికి ఉప్పుగాలి ఎలగొత్తాదిరా! మందు రాసింది నాను. తప్పు నాది. సొరసేప నూనెది కాదు, గాలిది కాదు. బ్యాటరీ మాత్రం ఇదే, నంబరు సూసుకోండి సాబ్!"

సాబు వంగి చూశాడు. బ్యాటరీ మీద నంబరు ఆయనకి బాగానే గుర్తున్నట్టుంది, ఎక్కువసేపు చూడలేదు. ముక్కు తుడుచుకుని, "ఠీక్ హై, చలో," అని వెనక ఎక్కేశాడు. అంతే. ఊరందరి ముందూ వేసిన ముద్రకి ఠీక్ హై.

మావ టోపీ సర్దుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను పక్కన. ఇంజను నడుస్తోంది. బండి కదల్లేదు. బయట చీకటి పడిపోయింది, కారు లోపల మాత్రం పట్టపగలు. జెట్టీలో ఉన్న జనమంతా ఆ వెలుగులో కూర్చున్న సాబుల్నే చూస్తున్నారు, తెర మీద బొమ్మల్ని చూసినట్టు.

"లైట్ బంద్ కరో," అన్నాడు మా సాబు.

మావ స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు. నొక్కలేదు. వెనక్కి తిరక్కుండా, చాలా మర్యాదగా అన్నాడు.

"సాబ్, చోర్ అని అందర్లోనూ అన్నారు. కాదని కూడా అందర్లోనూ అనండి. బంద్ చేసేత్తాను."

అయిపోయింది, మావ ఉద్యోగంతో పాటు నాదీ గోవిందా అనుకున్నాను. అద్దాల దగ్గర మొహాలు పెరుగుతున్నాయి. చివరికి పెద్ద సాబు మెడ మీద చెళ్ళున కొట్టుకున్నాడు.

"బోల్ దో భాయ్, మచ్ఛర్ ఆ రహే హై," అన్నాడు. చెప్పెయ్యవయ్యా, దోమలొస్తున్నాయి.

"చోర్ నహీ హై," అన్నాడు మా సాబు, తన ఒళ్ళోకి.

మావ నిదానంగా తన పక్క అద్దం దించాడు. వెనక్కి చెయ్యి చాపి సాబు పక్కది కూడా దించాడు. తొందరేం లేదు.

"దొంగ కాదు!" అన్నాడు సాబు గట్టిగా, తెలుగులోనే. గుంపులో అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

మావ లైటు ఆర్పాడు. బండి కదిలింది.

ఎత్తు ఎక్కుతుండగా చీకట్లో పెద్ద సాబు రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. "యే క్యా బద్‌బూ హై?" అని అడిగాడు, ఏమిటీ కంపని.

"ఉప్పుగాలి సార్, ఇక్కడంతా ఇంతే," అన్నాడు మా సాబు.

మావ చెయ్యి మెల్లగా స్విచ్చి వైపు వెళ్ళింది.

"కాదు కాదు, సొరచేప నూనె సార్," అన్నాడు సాబు గబగబా. "మా డ్రైవరు రాస్తాడు."